శ్రుతికి అడ్డురాని పెట్టె

రెండేళ్ల కిందట సంక్రాంతికి అక్కా బావా వచ్చినప్పుడు, ఒక రాత్రి భోజనాలయ్యాక అమ్మ 'శంకరాభరణం' పెట్టమంది. బెజవాడలో సీలింగ్ ఫ్యాను ఆపుకుని కూర్చోగలిగే రాత్రులు తక్కువ. అది అలాంటి రాత్రి. ఫ్యాను కట్టేశాం, కిటికీలు మూశాం, లైటు తీసేశాం. తెర మీద తంబురా వినిపిస్తోంది. కాసేపటికి అమ్మ నావైపు తిరిగి, "ఏరా, వెనకాల ఇంకో శ్రుతి పలుకుతోంది, ఏమిటది?" అంది.

అమ్మ చిన్నప్పుడు పదేళ్లపాటు వీణ నేర్చుకుంది. ఆమె చెవికి తగిలాక నాకూ వినబడింది. టీవీ కింద షోకేసులో పెట్టిన కంప్యూటర్‌ది ఆ చప్పుడు. లోపలి ఫ్యాను సన్నగా, తెంపు లేకుండా కూస్తోంది. అంతవరకూ దాన్ని ఏదో కాస్త రొద అనుకుని వదిలేశాను. అమ్మ వాడిన మాటే సరైనది, అది నిజంగా ఒక స్వరమే. మర్నాడు లెక్క వేసి చూశాను. ఫ్యాను వేగం నిమిషానికి 4,200 చుట్లని కంప్యూటరే చూపిస్తోంది. అంటే సెకనుకు 70. రెక్కలు 7. ఒక్కో రెక్క గాలిని కోసినప్పుడల్లా ఒక అల పుడుతుంది కాబట్టి, 70ని 7తో గుణిస్తే సెకనుకు 490 కంపనాలు. ఎవరో హార్మోనియం మీద ఒక మెట్టు నొక్కి పట్టి వదలకుండా కూర్చున్నట్టే. పైగా పెట్టె వేడెక్కితే ఆ స్వరం పైకి జారుతుంది, చల్లబడితే కిందికి దిగుతుంది. తంబురా నిలకడ మీద నిలబడ్డ పాట వెనక ఇలా జారే స్వరం ఒకటి ఉంటే చెవి ఎలా ఒప్పుకుంటుంది?

ఎండాకాలంలో ఇది తెలియదు. పైన సీలింగ్ ఫ్యాను హోరు, పక్కన ఏసీ, వీధిలో ఆటోలు అన్నీ కలిసి కప్పేస్తాయి. అందుకే మన ఇళ్లల్లో చాలామంది హాల్లో పెట్టే కంప్యూటర్ చప్పుడు గురించి అడగరు, అమ్మేవాళ్లూ చెప్పరు. కానీ మనసు పెట్టి సినిమా చూసేది చల్లటి రాత్రుల్లో, ఇల్లు సద్దుమణిగాకే. పెట్టె పనితనం ఆ వేళలోనే తేలుతుంది. హాల్లోకి కంప్యూటర్ కొనడమంటే ముందు చెవితో కొనడం అని నాకు అమ్మ మాటతో అర్థమైంది.

ఆ పాత పెట్టె సంగతి చెబుతాను. హైదరాబాద్‌లో ఒక కొట్టులో కొన్నాను. ఇంటెల్ నాలుగో తరం ప్రాసెసర్, 2013 నాటిది. "4కె ఆడుద్ది సార్, గ్యారంటీ" అన్నాడు కొట్టతను. ఆడింది, కాదనను. అయితే 4కె సినిమా పెట్టిన ప్రతిసారీ ప్రాసెసర్ నూటికి తొంభై పైనే పనిచేసేది, ఫ్యాను కూత అందుకునేది. కారణం తెలుసుకోవడానికి నాకు చాలా కాలం పట్టింది. మీకు ఆ కాలం కలిసొస్తుందని వివరంగా రాస్తున్నాను.

4కె బొమ్మలో 82,94,400 చుక్కలుంటాయి. సినిమా సెకనుకు 24 బొమ్మలు. అంటే సెకనుకు దాదాపు 20 కోట్ల చుక్కలు. ఇన్నిటినీ ఉన్నవున్నట్టు దాచితే ఏ డిస్కూ చాలదు. అందుకని, కిందటి బొమ్మకీ ఈ బొమ్మకీ ఏం మారిందో అంతవరకే రాసిపెట్టుకుంటారు. ఆ రాతకు పద్ధతులున్నాయి. 2003లో హెచ్.264 వచ్చింది, 2013లో హెచ్.265, 2018లో ఏవీ1. ఒక్కో పద్ధతీ ముందుదానికన్నా తక్కువ చోటులో ఎక్కువ బొమ్మ దాస్తుంది, విప్పడానికి ఎక్కువ లెక్క అడుగుతుంది. ఆ లెక్క చెయ్యడానికి ప్రాసెసర్ పక్కనే దానికోసమే పుట్టిన చిన్న భాగం ఒకటి ఉంటుంది. డీకోడర్ అంటారు. సినిమా ఏ పద్ధతిలో ఉందో ఆ డీకోడర్‌కు తెలిస్తే ప్రాసెసర్ దాదాపు ఖాళీగా కూర్చుంటుంది. తెలియకపోతే మొత్తం ప్రాసెసర్ మీద పడుతుంది. వంటింట్లో గ్రైండర్ లేనప్పుడు రోట్లో రుబ్బినట్టు. పిండి నలుగుతుంది, చెయ్యి పడిపోతుంది. నా నాలుగో తరం పెట్టెకు హెచ్.265 డీకోడర్ లేదు. అది ఇన్నాళ్లూ రోట్లో రుబ్బుతోంది.

ఇక్కడ ముడి విప్పితే మిగతాదంతా వరసగా విడిపోతుంది. డీకోడర్ ఉంటే ప్రాసెసర్‌కు పని లేదు, పని లేకపోతే వేడి లేదు, వేడి లేకపోతే ఫ్యాను తిరగక్కర్లేదు. నిశ్శబ్దం కావాలంటే ముందు చూడాల్సింది ఫ్యాను సైజు కాదన్నమాట. ఇంటెల్‌లో 10 బిట్ రంగుల హెచ్.265ను పూర్తిగా విప్పే డీకోడర్ ఏడో తరం నుంచి ఉంది, ఏవీ1కి పదకొండో తరం నుంచి. ఎంత పెద్ద ప్రాసెసర్, ఎన్ని కోర్లు అని కొట్టులో అడిగేబదులు ఈ రెండు ముక్కలు అడగండి.

ఇప్పుడు నా హాల్లో ఉన్నది ఎన్100 అనే చిన్న ప్రాసెసర్ పెట్టె. 2023లో వచ్చింది. నాలుగు కోర్లు, 6 వాట్ల రకం. ఆఫీసు పనికి దీన్ని ఎవరూ మెచ్చుకోరు. సినిమాకు మాత్రం పైన చెప్పిన మూడు పద్ధతులూ దీని డీకోడర్‌కు వచ్చు. గోడ ప్లగ్గు దగ్గర మీటరు పెట్టి చూస్తే సినిమా నడుస్తున్నంతసేపూ 10 వాట్లకు అటూ ఇటూ. నెలంతా కట్టకుండా వదిలేసినా 7 యూనిట్లకు కాస్త అటూ ఇటూ అంతే. పాతది ఇదే సినిమాకు 55 వాట్లు తాగేది.

కొత్తది కొనక్కర్లేని దారి కూడా ఉంది, దాని మీద నాకు అభిమానం ఎక్కువ. ఐటీ కంపెనీల్లో మూడునాలుగేళ్లు వాడి తీసేసిన చిన్న డెస్క్‌టాప్‌లు. లెనోవో టైనీ, డెల్ మైక్రో, హెచ్‌పీ మినీ అని పిలుస్తారు. లావుపాటి నిఘంటువంత ఉంటాయి. సికింద్రాబాద్ పార్క్ లేన్ వైపు చెనాయ్ ట్రేడ్ సెంటర్‌లో తిరిగితే కనిపిస్తాయి. రోజంతా ఆఫీసులో మనుషుల మధ్య నడవడానికి చేసినవి కనుక ఫ్యాను నడక వీటిలో బాగా కుదురుతుంది. ప్రాసెసర్ పేరు చివర 'టీ' అని ఉంటే 35 వాట్ల రకం, వేడి తక్కువ. ఎనిమిదో తరంది తీసుకుంటే హెచ్.265 హాయిగా నడుస్తుంది, ఏవీ1 మాత్రం రాదు. తీసుకోగానే పాత థర్మల్ పేస్ట్ తుడిపించి కొత్తది వేయించండి, ఎండిపోయి ఉంటుంది. ఇక రాస్ప్‌బెరీ పై 4, 5 బోర్డులు ఉన్నాయి. హెచ్.265 ఫైళ్లు చూడటం వరకే అయితే అవి చాలు, కరెంటు ఇంకా తక్కువ. ఏవీ1 వాటికీ లేదు.

ఫ్యాను లేని పెట్టె కొనమని చాలామంది చెబుతారు. బయటి అల్యూమినియం ఒళ్లంతా దువ్వెన పళ్లలా రెక్కలుండి, వేడి వాటిలోంచి గాల్లో కలిసేలా చేస్తారు. చప్పుడు సున్నా. కానీ వేడి బయటికి పోవాలంటే గది గాలి చల్లగా ఉండాలి. మే నెలలో బెజవాడలో బయట 44 డిగ్రీలు, ఏసీ లేని హాల్లో 37 ఉన్నప్పుడు ఆ పెట్టె మీద చెయ్యి పెట్టి చూశాను, ఒక స్నేహితుడి ఇంట్లో. పెట్టిన చెయ్యి వెంటనే తీసేశాను. సినిమా మధ్యలో అది తన వేగం తానే తగ్గించుకుని తడబడింది. హాల్లో ఏసీ నడిచే ఇంటికైతే ఫ్యాను లేనిది కొనుక్కోవచ్చు. కోస్తా ఎండలకు, రాయలసీమ ఎండలకు నా ఓటు నెమ్మదిగా తిరిగే పెద్ద ఫ్యానుకే. ఫ్యాను వేగం సగమైతే చప్పుడు సుమారు 15 డెసిబెల్స్ పడిపోతుంది. 10 డెసిబెల్స్ తగ్గితేనే మన చెవికి సగమైనట్టుంటుంది. చిన్న ఫ్యాను అదే గాలి తోలాలంటే పరిగెత్తక తప్పదు, పెద్దది నడిచి తోలుతుంది.

మనం తరచూ మరిచిపోయేది షోకేసు. మా హాల్లో షోకేసుకు అద్దం తలుపులు. దుమ్ము పడదని పెట్టెను లోపల పెట్టి తలుపు వేసేవాళ్లం. వెనక ప్లైవుడ్ పలక. లోపలికి వచ్చే గాలి లేదు, పోయే గాలి లేదు. పెట్టె తన వేడి గాలినే తిరిగి పీల్చుకుంటోంది. ఆ సంక్రాంతి తర్వాత వారంలో వడ్రంగిని పిలిచాను. యాభై దాటిన మనిషి. వెనక పలక మీద వేళ్లతో తట్టి చూసి, "ఒక్క బొక్క పెట్టి లాభం లేదండి. కింద ఒకటి, పైన ఒకటి పెట్టండి. కింద చల్లగాలి ఎక్కుద్ది, పైన వేడిగాలి పోద్ది. మా ఇంటి పొయ్యి గూడు అంతే" అన్నాడు. మూడంగుళాల గుండ్రటి రంపం బిళ్ల డ్రిల్లుకు తగిలించి, కింద ఎడమవైపు మూలన ఒకటి, పైన కుడివైపు ఒకటి కోశాడు. అంచులు ఉప్పుకాగితంతో నున్నగా రుద్ది, బల్లులు దూరకుండా సన్నటి స్టీలు జాలి బిగించాడు. పావుగంట పని. ఆ రాత్రి అదే పాత పెట్టెలో అదే సినిమా పెడితే లోపలి వేడి 88 నుంచి 76 డిగ్రీలకు దిగింది, ఫ్యాను 4,200 నుంచి 3,000కు వచ్చింది. కొత్త పెట్టె కొనకముందే చప్పుడు బాగా తగ్గింది. మీరు డబ్బు తీసేముందు ఒకసారి షోకేసు వెనక్కి వంగి చూడండి.

ఇంకొక సంగతి మన ఇళ్లదే. హాలు పక్కనే దేవుడి గది. అగరబత్తి పొగ, దీపం నూనె ఆవిరి, వంటింటి తాలింపు కలిసి ఫ్యాను రెక్కల మీద సన్నటి జిడ్డులా పేరుకుంటాయి. దాని మీద దుమ్ము అంటుకుంటుంది. రెక్కలు బరువెక్కి ఒరుసుకుంటే ఎంత మంచి ఫ్యానైనా మోగుతుంది. ఏడాదికి నాలుగుసార్లు విప్పి, మెత్తటి బ్రష్షుతో తుడవాలి. నేను పండగలను గుర్తు పెట్టుకుంటాను: సంక్రాంతి, ఉగాది, వినాయక చవితి, దీపావళి.

మరి ఇంత శ్రమ దేనికి, టీవీలోనే అన్నీ వస్తున్నాయి కదా అని బావ అడిగాడు. న్యాయమైన ప్రశ్న. ఓటీటీలు చూడటానికే అయితే కంప్యూటర్ వద్దని నేనూ చెబుతాను. ఆ సినిమాలు తాళం వేసి వస్తాయి. ఆ తాళం చెవి టీవీలో, టీవీకి తగిలించే చిన్న స్టిక్కులో పదిలంగా ఉంటుంది. కంప్యూటర్ బ్రౌజర్‌ను అవి అంతగా నమ్మవు, చాలాసార్లు తక్కువ నాణ్యత బొమ్మే ఇస్తాయి. లినక్స్ పెట్టుకుంటే మరీను. కాబట్టి ఓటీటీలు టీవీలోనే చూడండి. కంప్యూటర్ మన సొంతవాటికి. కొన్న డిస్కులకు, నాటకాల రికార్డింగులకు, ఇంటి వీడియోలకు.

బావకు నేను జవాబు చెప్పలేదు, చూపించాను. అక్క పెళ్లి 1994లో అయింది. ఆ వీహెచ్ఎస్ క్యాసెట్లు మూడు బీరువాలో పడి ఉంటే, బూజు పట్టకముందే కంప్యూటర్‌లోకి ఎక్కించాను. అప్పటి మన టీవీ పద్ధతి పాల్. 576 గీతలు, సెకనుకు 25 బొమ్మలు. ఒక్కో బొమ్మా రెండు సగాలుగా వస్తుంది, ముందు బేసి గీతలు, తర్వాత సరి గీతలు. సెకనుకు 50 సగాలు. పాత డబ్బా టీవీ ఆ సగాలను అలాగే ఒకదాని వెంట ఒకటి వేసేది. ఇప్పటి తెర మొత్తం బొమ్మను ఒకేసారి వేస్తుంది. రెండు సగాల మధ్య చెయ్యి కదిలి ఉంటే, ఆ చెయ్యి దువ్వెన పళ్లలా చీలి కనిపిస్తుంది. మా టీవీకి పెన్‌డ్రైవ్ పెట్టి చూస్తే తలంబ్రాల దృశ్యమంతా అలాగే చీలిపోయింది. బియ్యం గింజలు గింజల్లా లేవు, గీతల్లా ఉన్నాయి.

అదే వీడియోను కంప్యూటర్‌లో కోడి అనే వీడియో ప్లేయర్‌లో పెట్టి, ఆ సగాలను సరిగా కలిపే డీఇంటర్లేస్ తెరిచి, టీవీని 50 హెర్ట్జ్‌కు మార్చాను. తలంబ్రాలు గింజ గింజగా రాలాయి. అక్క దోసిట్లోంచి జారినవి బావ భుజం మీద పడి, కండువా మడతలో ఆగడం కనిపించింది. పక్కనే నాన్న. నాన్న పోయి చాలా ఏళ్లయింది. అక్షింతలు వేసేముందు కుడిచెయ్యి ఒకసారి విదిలించే అలవాటు ఆయనకుండేది. ఆ విదిలింపు చీలకుండా, తడబడకుండా, ఆయన చేసినట్టే తెర మీద కదిలింది. బావ ఇంకేమీ అడగలేదు. అమ్మ మళ్లీ వెయ్యమంది.

సినిమాలకూ ఇదే సూత్రం. 24 బొమ్మల సినిమాను 60 హెర్ట్జ్ తెర మీద వేస్తే ఒక బొమ్మ రెండుసార్లు, తర్వాతది మూడుసార్లు నిలుస్తుంది. గోదారి మీద పడవ నెమ్మదిగా సాగే దృశ్యంలో ఒడ్డు చిన్నగా కుదుపుతుంది. కోడి సెట్టింగుల్లో బొమ్మల లెక్కకు తగ్గట్టు తెర రిఫ్రెష్ రేటు మార్చే వరస ఒకటుంది. మొదట మూసి ఉంటుంది, తెరవాలి. ఒక్క నిమిషం పని. కొన్న పెట్టె విలువ దానితో పెరుగుతుంది.

డిస్కుల సంగతి క్లుప్తంగా. తిరిగే పెద్ద హార్డ్‌డిస్కును హాల్లో పెట్టకండి, దాని గరగర ఫ్యాను కన్నా ఎక్కువ. పెట్టెలో ఎస్ఎస్‌డీ ఉండాలి. సినిమాల గోదాము రౌటర్ ఉన్న గదిలో ఉండాలి. రెంటికీ మధ్య వైఫై కన్నా లాన్ తీగ లాగించడమే మేలు. ఫైళ్ల పేర్లలో సంవత్సరం రాయండి. దేవదాసు 1953లో ఒకటుంది, 2006లో ఒకటుంది. మాయాబజార్ 1957లో ఉంది, 2006లోనూ ఉంది. సంవత్సరం రాయకపోతే ఒకదానికి ఇంకోదాని పోస్టరు వచ్చి కూర్చుంటుంది, ఇంట్లో పెద్దవాళ్లు తికమకపడతారు.

పెద్దవాళ్ల మాట వచ్చింది కనుక రిమోట్ గురించి. ఇది చిన్న విషయంగా చూడొద్దు. కీబోర్డు, మౌస్ పట్టుకుని చూసేది హాలు టీవీ కాదు. టీవీ రిమోట్‌తోనే పెట్టెను నడిపే సీఈసీ అనే ఏర్పాటు రాస్ప్‌బెరీ పైలో ఉంటుంది, మామూలు కంప్యూటర్లలో సాధారణంగా ఉండదు. యూఎస్‌బీకి తగిలించే చిన్న ఇన్‌ఫ్రారెడ్ రిసీవర్ కొంటే ఇంట్లో పడి ఉన్న ఏ పాత రిమోట్‌నైనా దానికి నేర్పించొచ్చు. మూలకు పడేసిన సెట్‌టాప్ బాక్స్ రిమోట్ ఒకటి తీసి నాలుగు బాణాలు, ఒక ఓకే, ఒక వెనక్కి, వీటికే పని నేర్పాను. ఆ ఆరు బటన్ల మీద అమ్మే కుంకుమతో చుక్కలు పెట్టుకుంది. అవి చెరిగిపోతుంటే అక్క గోళ్ల రంగు వేసింది. పెట్టె బయాస్ సెట్టింగుల్లో, కరెంటు పోయి రాగానే అది దానంతటదే లేచేలా మార్చాను. ఇప్పుడు నేను ఊళ్లో లేకపోయినా అమ్మ తనకు కావాల్సింది తానే పెట్టుకుంటుంది.

కిందటి జనవరిలో మళ్లీ ఫ్యాను కట్టేసి అదే సినిమా చూశాం. కొత్త పెట్టె ఫ్యాను నిమిషానికి 1,400 చుట్ల దగ్గర తిరుగుతోంది. నేను షోకేసు దగ్గరికి వెళ్లి చెవి ఆనిస్తే తప్ప వినపడలేదు. అమ్మ రెండు గంటలూ కదలకుండా కూర్చుంది. పక్కన శ్రుతి గురించి ఒక్క మాటా అనలేదు.

మీరు ఏ పెట్టె కొన్నా, కొన్న మొదటి రాత్రే ఈ పని చెయ్యండి. ఇంట్లో అందరూ పడుకున్నాక సీలింగ్ ఫ్యాను ఆపండి. మీ దగ్గరున్న వాటిలో అతి బరువైన 4కె సినిమా పెట్టి, సౌండు పూర్తిగా తీసేసి, మీరు రోజూ కూర్చునే కుర్చీలో అరగంట కూర్చోండి. మొదటి పది నిమిషాలను లెక్కలోకి తీసుకోవద్దు, పెట్టె వేడెక్కడానికి ఆమాత్రం పడుతుంది. ఆ తర్వాత కూత వినిపిస్తే, వాపసు గడువు దాటకముందే తిరిగి ఇచ్చేయండి.